నిర్వహణ జీవితకాలపు బాధ్యత

ఏ యంత్రానికైనా ప్రారంభోత్సవం ఒక్కనాటి వేడుక. నిర్వహణ మాత్రం దాని జీవితకాలమంతా సాగవలసిన పని. ఈ మాట మన సంస్థలో నిన్న చేరిన శిక్షణార్థికి కూడ తెలిసినదే. కొబ్బరికాయ కొట్టి మీట నొక్కిన రోజున చుట్టూ వందమంది ఉంటారు. పదేళ్ల తరువాత రాత్రి షిఫ్టులో బేరింగు వేడెక్కుతున్నదేమోనని ఆగి చూసేవాడు ఒక్కడే ఉంటాడు. యంత్రం ఆయువు ఆ ఒక్కడి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది.

బైలదిల్లా కొండలలో పంపుల మధ్య, కన్వేయర్ల మధ్య సుమారు మూడు దశాబ్దాలు గడిపిన మేము ఈ సూత్రాన్ని మానవ శరీరానికి అన్వయించి ఆలోచించవలసిన అవసరం మా కుటుంబంలోనే ఏర్పడింది. మా చెల్లెలి కుమారుడు డౌన్ సిండ్రోమ్‌తో జన్మించాడు. అతని గుండె గురించి, మూత్రపిండాల గురించి మేము నేర్చుకున్నది సహోద్యోగ మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది వైద్యుల సలహాకు ప్రత్యామ్నాయం కాదు. ఆ సలహా జీవితాంతం ఎందుకు అవసరమో చెప్పే ప్రయత్నం మాత్రమే.

సరిహద్దు సీమలో ఒక జననం

మా చెల్లెలి కాపురం ఎర్రబోరులో. సుక్మా నుండి కోంటాకు వెళ్లే జాతీయ రహదారి మీద దోర్నపాల్ దాటిన తరువాత వచ్చే ఊరది. నేడు అది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. మా మేనల్లుడు పుట్టిన 1996లో మధ్యప్రదేశ్‌కు చెందిన బస్తరు జిల్లా. దోర్లా గిరిజనుల పలుకుబడిలో తెలుగు కలిసి ఉండే ప్రాంతం కనుక మా బావగారి కిరాణా దుకాణానికి భాష ఎన్నడూ అడ్డు కాలేదు.

పిల్లవాడు పాలు తాగుతూ మధ్యలోనే అలసిపోయేవాడు. ఒంటికి చెమట పట్టేది, బరువు పెరిగేది కాదు. హైదరాబాదు తీసుకువెళ్లగా రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి డౌన్ సిండ్రోమ్. రెండవది గుండె మధ్యలో రంధ్రం.

ఈ స్థితిని 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అనే ఆంగ్ల వైద్యుడు వర్ణించాడు. కారణం మాత్రం 1959 వరకు తెలియలేదు. ఆ సంవత్సరం ఫ్రాన్సుకు చెందిన జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమోన్ తుర్పాన్ బృందం, 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే దీనికి మూలమని వెల్లడించింది. అంటే కణంలో 46 ఉండవలసిన చోట 47 ఉంటాయి. అత్యధిక సందర్భాలలో ఇది వంశపారంపర్యం కాదు. కణవిభజనలో యాదృచ్ఛికంగా జరిగేది. తల్లి తిన్నదానివల్లనో, గ్రహణం చూసినందువల్లనో వచ్చేది అసలే కాదు. ఈ వాక్యాన్ని మా చెల్లెలికి ఎన్నిసార్లు చెప్పవలసి వచ్చిందో లెక్క లేదు. ఆమెను ఆ మాటలతో నొప్పించినవారు అంతమంది ఉన్నారు.

పీడనపు లెక్క

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన శిశువులలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. అందుకే పైకి ఏ లక్షణమూ కనిపించకపోయినా, అటువంటి ప్రతి శిశువుకూ ఎకో పరీక్ష చేయించాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ లోపాలలో వీరికి ప్రత్యేకమైనది గుండె నడిబొడ్డున, పై గదుల మధ్య గోడ, క్రింది గదుల మధ్య గోడ, కవాటాలు కలిసే చోటనే నిర్మాణం పూర్తి కాకపోవడం. దీనిని వైద్యులు ఏవీఎస్‌డీ అంటారు. మా మేనల్లుడిది ఇదే.

మన వృత్తివారికి ఇది సులభంగా అర్థమయ్యే విషయం. గుండె ఎడమ జఠరికలో పీడనం 120 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపున, కుడి జఠరికలో సుమారు 25 ఉంటుంది. మధ్యలో గోడ లేకపోతే రక్తం ఎటు పోతుందో చెప్పనవసరం లేదు. తక్కువ పీడనానికి తగినట్లు అమరిన ఊపిరితిత్తుల రక్తనాళాలలోకి ఎక్కువ రక్తం ఎక్కువ ఒత్తిడితో ప్రవహిస్తుంది. ఆ నాళాల గోడలు క్రమంగా మందపడతాయి. కొన్నేళ్లకు కుడివైపు పీడనం ఎడమవైపును మించి ప్రవాహం తిరగబడుతుంది. పెదవులు, గోళ్లు నీలిరంగుకు మారుతాయి. ఆ దశలో రంధ్రం మూసినా ప్రయోజనం ఉండదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ మార్పు ఇతరులకంటె త్వరగా వస్తుంది. కాబట్టి ఏవీఎస్‌డీని సాధారణంగా మూడు నుండి ఆరు నెలల వయస్సులోనే సరిచేస్తారు.

ఒకప్పుడు, ‘ఇటువంటి పిల్లలకు ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకు’ అనే ధోరణి అభివృద్ధి చెందిన దేశాలలోనూ ఉండేది. ఆ ధోరణి మారిన ఫలితం లెక్కలలోనే కనిపిస్తుంది. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 సంవత్సరాలు. నేడది 60 దరిదాపుకు చేరింది.

మా మేనల్లుడికి 1997లో, ఏడవ నెలలో ఆపరేషన్ జరిగింది. బావగారు దుకాణం తాకట్టు పెట్టారు. మేము భవిష్యనిధి నుండి అప్పు తీసుకున్నాము. పిల్లవాడు బతికాడు. బంధువులందరూ ‘గండం గడిచింది’ అన్నారు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు మాత్రం, ‘గోడ కట్టాము, కవాటాన్ని కుట్టాము. కుట్టిన కవాటాన్ని ఏటేటా చూస్తూ ఉండాలి’ అన్నారు. ఏవీఎస్‌డీ సరిచేసిన వారిలో ఎడమవైపు కవాటం మళ్లీ కారడం, లయ తప్పడం, ఎడమ జఠరిక నుండి రక్తం బయటకు పోయే మార్గం ఇరుకు కావడం సంవత్సరాల తరువాత కూడ సంభవించవచ్చు. పుట్టుకతో ఏ లోపమూ లేనివారికి సైతం పెద్దయ్యాక కవాటాలు వదులై కారే అవకాశం ఉంది.

తెగిపోయిన వరుస

2005 వరకు ప్రతి సంవత్సరం పరీక్ష సక్రమంగా జరిగింది. ఆ తరువాత బస్తరులో పరిస్థితులు ఎలా మారాయో పాఠకులకు తెలియనిది కాదు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంపై జరిగిన దాడిలో ముప్పైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మా చెల్లెలి కుటుంబం కట్టుబట్టలతో భద్రాచలం వైపు వెళ్లి బంధువుల ఇంట తలదాచుకున్నది. ఆ తరలింపులో పోయిన సామాన్లలో పిల్లవాడి ఆసుపత్రి ఫైలు కూడ ఉన్నది. తిరిగి ఊరు చేరి దుకాణం తెరిచేసరికి అతనికి పదహారేళ్లు. చూపులకు ఆరోగ్యంగానే ఉన్నాడు. సరుకు సర్దేవాడు, చిల్లర లెక్కపెట్టేవాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చే గుండె లోపాలు రెండూ ఉన్నాయి. నవ రాయపూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లలకు గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఇవి ఎంతో మేలు చేసే ఏర్పాట్లు. అయితే బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ల వరకే. ఆపరేషన్లు విజయవంతమైన కొద్దీ పద్దెనిమిది దాటినవారు ఎక్కువవుతారు. వారి గుండెను ఏటేటా గుర్తుచేసి పిలిచేవారు ఎవరూ ఉండరు. ఆ గుర్తుచేసే పని ఇంటివారిదే అవుతుంది.

‘చాలు’ అనే మాట

2019 వర్షాకాలంలో మా చెల్లెలు ఫోను చేసింది. “అన్నయ్యా, వీడికి చెప్పుల పట్టీ పట్టడం లేదు. గోనె సగం దూరం మోసి ‘చాలు’ అని కూర్చుంటున్నాడు. నొప్పా అంటే కాదంటాడు. ఆయాసమా అంటే నవ్వుతాడు.” అంతకు ముందే ఒక వైద్యునికి చూపించారు. ఈ పిల్లలు వయస్సుతో పాటు లావెక్కుతారని, బద్ధకిస్తారని ఆయన సమాధానపరచి పంపారు.

ఈ సమాధానంలోనే అసలు ప్రమాదం ఉన్నది. కొత్తగా కనిపించిన ప్రతి లక్షణాన్నీ పాత పేరు ఖాతాలో వేయడం వల్ల, చికిత్స ఉన్న జబ్బు కూడ కప్పబడిపోతుంది. పైగా వీరిలో చాలామంది బాధను మాటలలో చెప్పలేరు. ఏ యంత్రానికైనా గేజి ఉంటుంది, అలారం మోగుతుంది. మా మేనల్లుడికి ఉన్న గేజి ‘చాలు’ అనే ఒక్క మాట. దానిని చదవగలిగినది తల్లి ఒక్కతే.

కిరందుల్ రైలులో విశాఖపట్నం తీసుకువెళ్లాము. ఎకోలో కుట్టిన కవాటం కారుతున్నట్లు తేలింది. థైరాయిడ్ బాగా మందగించి ఉంది. ఇది డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో తరచుగా వచ్చే సమస్య. పెద్దవారికి ఒకటి రెండేళ్లకొకసారి ఈ పరీక్ష జరపాలని 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. రాత్రిపూట గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం కూడ బయటపడ్డాయి. ఇది వీరిలో సగానికి పైగా పెద్దవారికి ఉంటుంది. ఊపిరితిత్తుల నాళాలలో పీడనాన్ని పెంచి గుండె కుడిభాగానికి భారమవుతుంది. పాత ఎకో రిపోర్టు ఏదని వైద్యుడు అడిగారు. అది ఉంటే లీకు ఎప్పుడు మొదలైందో, ఎంత వేగంగా పెరిగిందో తెలిసేదన్నారు. మా వద్ద లేదు.

పంపుతో పాటు ఫిల్టరు

అప్పటివరకు మేము గుండెను గురించి మాత్రమే ఆలోచించాము. ఆ వైద్యుడు మూత్రపిండాల ప్రసక్తి తెచ్చారు.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపు చేస్తుంది. అందులో ఐదవ వంతు మూత్రపిండాలకే పోతుంది. అవి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి శరీరానికి అప్పగించి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే విసర్జిస్తాయి. పంపు బలహీనపడితే ఫిల్టరుకు చేరే ప్రవాహం తగ్గుతుంది. వెనుక సిరలలో ఒత్తిడి పెరిగి వడపోత ఇంకా మందగిస్తుంది. ఫిల్టరు మందగిస్తే నీరు, ఉప్పు నిలిచి పంపుకు భారం పెరుగుతుంది. ఒకదాని చెడు రెండవదానిని చెరుపుతుంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఫిల్టరుకు దాని సొంత లోపాలు కూడ ఉండవచ్చు. న్యూయార్క్ రాష్ట్రపు నమోదు పట్టిక ఆధారంగా 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం మూత్రపిండాలు, మూత్రనాళాల నిర్మాణ లోపాలు వీరిలో 3.2 శాతం మందికి, ఇతరులలో 0.7 శాతం మందికి ఉన్నాయి. కొందరికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉండటం వీరిలో తరచుగా కనిపిస్తుంది. గుండె లోపం సరిచేయక ఏళ్ల తరబడి నీలివర్ణంతో జీవించినవారికి రక్తం చిక్కబడి వడపోత సూక్ష్మనాళాలే దెబ్బతింటాయి.

మా మేనల్లుడి క్రియాటినిన్ 1.2 వచ్చింది. ల్యాబు చీటీలో ముద్రించిన పరిధిలోనే ఉన్నది కనుక మేము సంతోషించాము. వైద్యుడు సంతోషించలేదు. క్రియాటినిన్ కండరాల నుండి వచ్చే పదార్థమని, అతనిది పొట్టి శరీరం, తక్కువ కండ అని, అందరి పరిధితో పోల్చి ఊరుకోరాదని, అతని అంకెను అతని పాత అంకెతోనే పోల్చాలని చెప్పారు. థైరాయిడ్ మందగించినా వడపోత తగ్గుతుందని కూడ వివరించారు. థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకు అదే క్రియాటినిన్ 0.9కి దిగింది. పరిధిలో ఉన్న అంకె కూడ కొన్నిసార్లు హెచ్చరికే అవుతుందని మాకు అనుభవంలోకి వచ్చింది. మన వైబ్రేషన్ రీడింగులలోనూ ఇంతే కదా! పరిమితి దాటలేదన్నది కాదు, గత నెలకంటె ఎంత పెరిగిందన్నదే ముఖ్యం.

మరొక హెచ్చరిక కూడ వైద్యుడు చేశారు. యూరిక్ ఆమ్లం వల్ల కీలు నొప్పి వస్తుంది. నొప్పికి ఊరిలో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేస్తారు. బలహీనమైన గుండెకు, మూత్రపిండాలకు అవి హాని చేస్తాయి. గుండె కోసం ఇచ్చే నీరుమాత్రలు సైతం యూరిక్ ఆమ్లాన్ని పెంచగలవు. అందువల్ల మందులన్నీ ఒకే వైద్యుని దృష్టిలో ఉండాలి.

కాటా, నోటుపుస్తకం

ఎర్రబోరులో కూర్చుని ఇంత పర్యవేక్షణ ఎలా సాధ్యమన్నది తరువాతి ప్రశ్న. కోంటా, భద్రాచలం, జగదల్‌పూర్, విశాఖపట్నం, ఎటు వెళ్లినా వేరే ఊరు, వేరే చీటీ. ఒకటి హిందీలో ఉంటే మరొకటి ఇంగ్లీషులో. అందుచేత ఫైలు ఆసుపత్రిలో కాక రోగి ఇంటనే ఉండాలని నిశ్చయించాము. షిఫ్టు లాగ్‌బుక్కు నమూనాలో ఒక పెద్ద నోటుపుస్తకం గీసి ఇచ్చాము.

ప్రతి ఉదయం బరువు, వారానికొకసారి రక్తపోటు, పాదాల వాపు, గురక, గోళ్ల రంగు, మూత్రంలో మార్పు, ‘చాలు’ అన్నది ఎంత పని తరువాత అన్న వివరం. ఆరు నెలలకొకసారి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీను. ఏటా థైరాయిడ్, యూరిక్ ఆమ్లం. వైద్యుడు చెప్పిన గడువుకు ఎకో. పళ్ల పరీక్షకు కూడ ఒక గడి ఉంచాము. చిగుళ్ల జబ్బు వీరిలో ఎక్కువ; నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో చేరి బాగుచేసిన కవాటాన్ని పట్టుకునే ప్రమాదం ఉంది.

బరువు తూచడానికి దుకాణంలో చింతపండు, ఇప్పపువ్వు తూచే కాటా ఉండనే ఉన్నది. మా మేనల్లుడు ప్రతి ఉదయం దుకాణం తెరవగానే ముందు తాను కాటా ఎక్కుతాడు. అంకె పైకి చదువుతాడు. పుస్తకంలో తానే రాస్తాడు. 2021లో మా బావగారు మరణించిన రోజు కూడ ఆ గడి ఖాళీగా లేదు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి వెనుకకు పోటెత్తి కోంటా ముంపుకు గురైంది; దక్షిణాన దారి మూసుకుపోయింది. మందులు మూడు రోజులకు సరిపడా మిగిలి ఉండగా సుక్మా వైపు నుండి తెప్పించగలిగాము. అప్పటినుండి రెండు నెలల మందులు నిల్వ ఉండాలన్నది ఆ ఇంటి నియమం. ముఖ్యమైన స్పేర్లు స్టోరులో లేకుండా వర్షాకాలంలోకి అడుగుపెట్టరాదని మనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

2023 సెప్టెంబరులో మూడు రోజులలో బరువు 2.3 కిలోలు పెరిగింది. అంత త్వరగా పెరిగేది కొవ్వు కాదు, నీరు. మనిషి మామూలుగానే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. పుస్తకం మాత్రం చెప్పింది. చెల్లెలు ఆ రోజే ఫోనులో వైద్యునికి అంకెలు చదివింది. ఆయన మందు మోతాదు మార్చారు; వారంలో బరువు దిగింది; ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం రాలేదు. కవాటానికి మళ్లీ ఆపరేషన్ ఒకనాడు అవసరం కావచ్చునని ఆయన దాచకుండా చెప్పారు. ఆ నాటికి నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సమాచారం ఈసారి మా వద్ద ఉంటుంది.

తల్లి తరువాత

“నా తరువాత వీడి ‘చాలు’ ఎవరికి అర్థమవుతుంది అన్నయ్యా?” అని మా చెల్లెలు ఒకనాడు అడిగింది. సమాధానం వెంటనే చెప్పగలిగినది కాదు. వీరి ఆయుర్దాయం పెరిగిందన్న శుభవార్త వెనుక నిలిచిన ప్రశ్న ఇదే. పూర్వం తల్లిదండ్రుల కళ్లముందే రాలిపోయిన పిల్లలు నేడు తల్లిదండ్రుల తరువాత కూడ జీవిస్తారు. అలవాటు తల్లిలో మాత్రమే ఉంటే ఆమెతోనే పోతుంది. పుస్తకంలో ఉంటే మరొకరు అందుకోగలరు.

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన మానసిక వైకల్యం గలవారికి సంరక్షకులను నియమించే అధికారం జిల్లా స్థాయి కమిటీకి ఉన్నది. మా చెల్లెలితో పాటు, జగదల్‌పూర్‌లో చదువుకుంటున్న ఆమె కుమార్తెను కూడ చేర్చడానికి దరఖాస్తు సిద్ధం చేస్తున్నాము. ఆ అమ్మాయి ఇప్పటికే నెలకొకసారి నోటుపుస్తకం పుటల ఫొటోలు తెప్పించుకుని చూస్తున్నది. అదే ట్రస్టు నిరామయ పథకం క్రింద లక్ష రూపాయల వరకు వైద్య బీమా లభిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైద్యంలో వివక్ష కూడదని చెబుతున్నది. మూత్రపిండ మార్పిడి చేయించుకుని ఆరోగ్యంగా జీవిస్తున్న డౌన్ సిండ్రోమ్ వ్యక్తుల ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కాబట్టి ‘ఇటువంటివారికి ఎందుకు’ అనే పాత ప్రశ్నకు ఎవరూ తలవంచనవసరం లేదు. సలహా కావలసిన తల్లిదండ్రులు, 1984లో సికింద్రాబాదు మనోవికాస నగర్‌లో నెలకొల్పిన జాతీయ సంస్థను ఆశ్రయించవచ్చు.

మన సహోద్యోగులలో ఇటువంటి బిడ్డ గల కుటుంబాలు తప్పక ఉంటాయి. వారికి మా విన్నపం ఒక్కటే. ఆపరేషన్ విజయవంతమైన రోజున మిఠాయి తప్పక పంచండి. మరునాడు ఒక నోటుపుస్తకం కొనండి. అందులో బిడ్డ బరువు, రక్తపరీక్షల అంకెలు, వేసిన మందులు తేదీలతో సహా రాయండి. బిడ్డ రాయగలిగితే బిడ్డచేతనే రాయించండి. ఇంటిలో కనీసం మరొకరికి ఆ పుస్తకం చదవడం నేర్పండి. అటువంటి బిడ్డ లేనివారు, ఉన్నవారి ఇంటికి వెళ్లినప్పుడు ‘పాపం’ అనడం మాని, ‘ఈ ఏడాది ఎకో అయిందా?’ అని అడగండి. ఆ తల్లికి అంతకంటె గొప్ప ఆత్మీయత మరొకటి ఉండదని మేము అనుభవంతో చెబుతున్నాము.